నూట ఇరవై మాస్కులు

ఆ వీధిలో ఆవిడ అందరికీ కుట్టుపిన్నే. ఆవిడకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడేది కాదు. భర్త పోయి పదకొండేళ్లయింది. పిల్లలు లేరు. ఉన్నదల్లా రెండు గదుల ఇల్లు, ముందు గదిలో కిటికీ పక్కన కుట్టు మిషను, వెనక గదిలో డెబ్బై ఆరేళ్ల అత్తగారు. కొడుకే లేనప్పుడు కోడలితో ఏం పని, నెల తిరక్కుండా ఎవరి దారి వాళ్లు చూసుకుంటారని చుట్టాలు అనుకున్నారు. అత్తాకోడళ్లు మాత్రం రోజుకు రెండుసార్లు పోట్లాడుకుని, మూడోసారికి ఓపిక లేక కలిసి టీ తాగుతూ అలాగే ఉండిపోయారు.

అత్తగారి ఊపిరితిత్తులు మొదటినుంచీ అంతంతమాత్రం. కాస్త చలిగాలి తగిలితే చాలు, గుండెలో పిల్లికూతలు మొదలయ్యేవి. అందుకే కొత్త జబ్బు ఊళ్లోకి వచ్చిందన్న వార్త విన్న రోజే కుట్టుపిన్ని వీధి తలుపుకి గడియ పెట్టేసింది. పాల ప్యాకెట్టును సబ్బు నీళ్లతో కడిగేది. తలుపు గొళ్లేన్ని కడిగేది. ఒకరోజు సబ్బుని కూడా కడుగుతుంటే అత్తగారు చూసి, "దాన్నెందుకే కడగడం, అదేం పాపం చేసింది?" అంది. ఆ వారంలో ఇద్దరూ నవ్వింది అప్పుడొక్కసారే. మిగతా పొద్దంతా, అంబులెన్సు చప్పుడు వినబడితే అది ఏ మలుపు తిరిగిందో చెవులు రిక్కించి వినడంతోనే సరిపోయేది.

ఊరు మూతపడ్డ రెండో వారంలో వృద్ధాశ్రమం మేట్రన్ ఫోన్ చేసింది. ఆశ్రమం రెండు వీధుల అవతల ఉంది. అక్కడి దుప్పట్లకు అంచులు కుట్టడం, చిరిగిన దిండు గలీబులు బాగుచేయడం ఎప్పట్నుంచో కుట్టుపిన్ని పనే. మేట్రన్ మాట పొదుపు మనిషి. ఆ రోజు మాత్రం ఊపిరాడనివ్వకుండా మాట్లాడింది. మందుల షాపుల్లో మాస్కు అన్నది కంటికి కనబడటం లేదట. శుక్రవారం నుంచి మాస్కు లేనిదే ఎవర్నీ భోజనాల హాల్లోకి రానివ్వకూడదని పైనుంచి కాగితం వచ్చిందట. ఉంటున్నవాళ్లు ముప్పై ఒక్కరు, పనిచేసేవాళ్లు తొమ్మిదిమంది. ముఖాన ఒకటి, తీగ మీద ఆరేది ఒకటి, చేతిలో ఒకటి, అలా మనిషికి మూడు చొప్పున నూట ఇరవై కావాలి. గుడ్డ తామే ఇస్తాం, నాలుగు రోజుల్లో కుట్టగలవా అని అడిగింది.

కుట్టుపిన్ని ఆలోచించకుండానే సరేనంది. చేతులు ఖాళీగా ఉంటే భయం వచ్చి వాటిలోనే కూర్చుంటోందని ఆవిడకు అప్పటికే అర్థమైంది.

సోమవారం పొద్దున్నే ఆశ్రమం వంటావిడ గుడ్డల మూట మోసుకొచ్చింది. తెల్ల దుప్పట్లు ఆరు, వాటి అడుగున భోజనాల హాలు కిటికీకి ఉండే పసుపు పువ్వుల కర్టెను. మంచి నూలు గుడ్డ మరొకటి దొరక్క దాన్నీ విప్పేశారట. వంటావిడ, కుట్టుపిన్ని ఏళ్ల తరబడి స్నేహితులు. గుమ్మం దగ్గరే మూట పెట్టి వెళ్తానంది కానీ, ఎండన పడి వచ్చిన మనిషికి మంచినీళ్లైనా ఇవ్వకుండా ఎలా పంపడం? లోపలికి పిలిచి స్టూలు వేసింది. వంటావిడ ముఖానికి కట్టుకున్న చున్నీ కిందికి లాగి నీళ్లు తాగి, పది నిమిషాలు కూర్చుని ఆశ్రమం కబుర్లు చెప్పింది. పదమూడు రోజుల తర్వాత ఇంటికొచ్చిన మొదటి మనిషి ఆవిడే. ఆ పది నిమిషాలూ కుట్టుపిన్నికి జబ్బు సంగతే గుర్తు రాలేదు.

తర్వాత పని మొదలైంది. గుడ్డలన్నీ వేడినీళ్లలో ఉడకబెట్టి ఉతికి ఆరేసింది. చొక్కా డబ్బా అట్టతో అచ్చు కత్తిరించుకుంది. రెండు పొరల గుడ్డ, మధ్యలో మూడు మడతలు, ముక్కు మీద ఆనేచోట బ్రెడ్డు ప్యాకెట్లకు చుట్టే సన్న తీగ. ఇంట్లో ఉన్న ఎలాస్టిక్కు మొదటి రోజే అయిపోయింది. షాపులు మూసి ఉన్నాయి. అత్తగారి పరుపు దుప్పటి నాలుగు మూలల ఎలాస్టిక్కు ఊడదీశారు. అదీ చాలక గుడ్డతోనే సన్నటి నాడాలు చేయాల్సి వచ్చింది. ఆ నాడాలను పిన్నీసుతో తిరగేసే పని అత్తగారిది. కళ్లజోడు ముక్కు చివరికి జారుతుంటే, "ఈ వయసులో నాకు ఉద్యోగం ఇచ్చావే" అని సణుగుతూనే రోజుకు డెబ్బై, ఎనభై నాడాలు తిరగేసి పడేసేది.

కుట్టుపిన్నికి ఒక అలవాటుంది. కుట్టు చివర దారాన్ని పంటితో పుటుక్కున తెంపుతుంది. కత్తెర తీసి, కత్తిరించి, మళ్లీ పెట్టేలోపు ఇంకో కుట్టు వేసుకోవచ్చు కదా అంటుంది. పోయిన జన్మలో ఎలుకవే నువ్వు అని అత్తగారు పాతికేళ్లుగా అంటూనే ఉంది. ఒక్కో మాస్కుకి ఆరేడు చోట్ల దారం తెంపాలి. నాలుగు రోజుల్లో నూట ఇరవై పూర్తి కావాలంటే కత్తెరను నమ్ముకుంటే కుదరదు. కాలు మిషను మీద, కళ్లు కుట్టు మీద, నోరు దారం మీద. అలా శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి పనంతా అయిపోయింది. వంటావిడకు ఒంట్లో నలతగా ఉందని ఆశ్రమం వాచ్‌మన్ వచ్చి మూట తీసుకెళ్లాడు. వాటిని మళ్లీ ఉతికి వాడమని చెప్పాలని కుట్టుపిన్ని అనుకుంది. ఆవిడ నోరు తెరిచేలోపే అతను సైకిలెక్కేశాడు. మేట్రన్‌కి తెలీదా ఏమిటి అని ఊరుకుంది.

మిగిలిన గుడ్డతో పాలబూతు వాళ్లకోసం కుట్టిన ఇరవై మాస్కులు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. పదకొండు గంటల ప్రాంతంలో వాటి మడతలు ఇస్త్రీ చేస్తోంది. రాత్రి సరిగా నిద్రలేక తల దిమ్ముగా ఉంది. ఇస్త్రీపెట్టె కింద గుడ్డ పెట్టి, కాసేపు కిటికీలోంచి ఖాళీ వీధిని చూస్తూ నిలబడిపోయింది.

వెనక గదిలోంచి అత్తగారు కేకేసింది. "అమ్మాయ్, ఏదో మాడుతోందే."

కిందికి చూసింది. గుడ్డ గోధుమరంగుకి తిరిగి, అంచున సన్నగా పొగ లేస్తోంది. ఇస్త్రీపెట్టె చటుక్కున ఎత్తి పక్కన పెట్టింది. మాడిన గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ తెలియలేదు. ఇంకా గట్టిగా పీల్చింది. వెనక గదిలో, ఓరగా వేసిన తలుపు అవతల పడుకున్న ముసలావిడకు తెలిసిన వాసన, గుడ్డ ముక్కుకి ఆనించుకున్న తనకు తెలియలేదు.

అలమరలో ఉన్న కర్పూరం డబ్బా మూత తీసి పీల్చింది. లేదు. వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయ కోసి పీల్చింది. కళ్లు మండి నీళ్లు కారాయి కానీ వాసన లేదు. అప్పుడు గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. వార్తల్లో రోజూ వింటున్నదే. జ్వరం రాకపోయినా, దగ్గు లేకపోయినా, ఇదొక్కటి చాలంటున్నారు.

మొదటి ఆలోచన అత్తగారిది. లేచి, వెనక గది గుమ్మానికి నాలుగడుగుల దూరంలో నిలబడి, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని సంగతి చెప్పింది. రెండో ఆలోచన ఆ వెంటనే వచ్చింది. నూట ఇరవై మాస్కులు. ఒక్కోదానికి ఆరేడు చోట్ల తన నోటి తడి. ఊపిరి పీల్చే చోట, పెదవులు ఆనే చోట. అవన్నీ ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్ల ముఖాల మీద ఉంటాయి.

అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. తర్వాత మెల్లగా, సాయంత్రం దాకా చూద్దామే అంది. జలుబైనా అయి ఉండొచ్చు. ఇప్పుడు ఫోన్ చేస్తే రేపటికల్లా ఊరంతా గుప్పుమంటుంది. ఇక ఈ ఇంటికి గుడ్డముక్క పట్టుకుని ఎవరూ రారు. పైగా తనను ఏ ఆస్పత్రిలోనో ఒంటరిగా పడేస్తారేమో. అత్తగారు ఆఖరి మాట అంటున్నప్పుడు దుప్పటి అంచు పిడికిట్లో బిగించి పట్టుకుని ఉంది. ఆవిడ భయపడటం కుట్టుపిన్ని అంతవరకు చూడలేదు. కొడుకు పోయిన రోజు కూడా అలా కనబడలేదు.

చెబితే ఇల్లు పోతుందన్నంత భయం. చెప్పకపోతే ఆ ముఖాలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గోడ గడియారం వైపు చూసింది. పన్నెండున్నరకు ఆశ్రమంలో భోజనాలు. ఇప్పుడు పన్నెండు కావస్తోంది. సాయంత్రం దాకా ఆగితే ఆగినందుకు ప్రయోజనం ఏముంటుంది?

"వాళ్లలో నీలాంటి వాళ్లు ఎంతమందో, అత్తయ్యా" అంది. అని ఫోన్ అందుకుంది.

లైను దొరకలేదు. మళ్లీ చేసింది. మళ్లీ బిజీ. మేట్రన్ సెల్‌ఫోను మోగి మోగి ఆగిపోయింది. ముందు గదిలో కాలు కాలిన పిల్లిలా తిరిగింది. తలుపు తీసి పరుగెత్తుకు వెళ్దామని గడియ మీద చెయ్యి వేసి, తనే వెళ్తే జబ్బు చేతిలో పట్టుకెళ్లినట్టే కదా అని ఆగిపోయింది. పద్నాలుగోసారికి ఎవరో ఎత్తారు.

"మేట్రన్ గారు హాల్లో ఉన్నారు. నేను లెక్కల మాస్టార్ని. ఏదైనా లెక్క ఉంటే చెప్పండి" అంది ఒక పెద్దాయన గొంతు.

ఆయన్ని కుట్టుపిన్ని ఎప్పుడూ చూడలేదు. రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నాడనీ, భోజనాలయ్యాక చెంచాలు లెక్కపెడతాడనీ వంటావిడ చెప్పగా వింది.

"నేను కుట్టుపిన్నినండీ. మాస్కులు కుట్టినదాన్ని."

"మీరా అమ్మా. బ్రహ్మాండంగా ఉన్నాయి. నాకే చెవుల దగ్గర కాస్త బిగుతు. తప్పు మీ మాస్కుది కాదు, నా చెవులది."

"మాస్టారూ, అవి తీసేయించండి."

"ఏమిటమ్మా?"

"అందరిచేతా తీసేయించండి. నాకు ఆ జబ్బే వచ్చినట్టుంది. వాసన తెలీడం లేదు. దారాలన్నీ పంటితో తెంపానండీ. నూట ఇరవైకీ."

తిడతాడేమోనని కుట్టుపిన్ని కళ్లు మూసుకుంది. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"ఫోన్ పెట్టేయకండి" అన్నాడాయన. రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత కుర్చీలు జరిగిన చప్పుడు. నలభై ఏళ్లు తరగతి గదుల్లో మోగిన గొంతు దూరంగా వినబడింది. ఎవరూ లేవద్దని, చెవి దగ్గర పట్టుకుని తీయాలని, ముందువైపు ముట్టుకోవద్దని, తీసిన వెంటనే చేతులు కడుక్కోవాలని చెబుతున్నాడు. ఎవరో ఎందుకని అడిగారు. ఆయన కారణం దాచకుండా చెప్పాడు. ఆ వెంటనే హాల్లో లేచిన గోల తేనెటీగల తుట్టె కదిలినట్టు ఫోన్లోంచి వినబడింది. ఒక ఆడమనిషి ఏడుస్తోంది. మేట్రన్ గొంతు గట్టిగా ఏదో అంటోంది.

ఇరవై నిమిషాల తర్వాత ఆయన మళ్లీ వచ్చాడు. వాడినవీ, అలమరలో ఉన్నవీ అన్నీ పెద్ద గిన్నెలో మరుగుతున్నాయట. నూట పంతొమ్మిది లెక్క తేలాయట. ఒకటి ఎక్కడో పడిపోయినట్టుంది, వెతికిస్తానన్నాడు. ఎంతసేపు పెట్టుకున్నారని కుట్టుపిన్ని అడిగింది. పది గంటలకు పంచారట. రెండు గంటలు.

ఆ రెండు గంటలు ఆవిడను తర్వాతి రెండు వారాలూ నమిలి తిన్నాయి.

మర్నాడు ఆరోగ్యశాఖ వాళ్లు వచ్చి అత్తాకోడళ్లిద్దరికీ పరీక్ష చేశారు. కోడలికి జబ్బు ఉందనీ, అత్తకి లేదనీ తేలింది. వీధి తలుపు మీద ఎర్ర అక్షరాల కాగితం అతికించి వెళ్లారు. అత్తగారిని ఎక్కడికీ పంపలేదు, వెనక గదిలోనే విడిగా ఉండమన్నారు. రెండు గదుల మధ్య గుమ్మంలో ఒక స్టూలు పెట్టుకున్నారు. కోడలు ముందు గదిలో, అత్త వెనక గదిలో. వంట అత్తగారిది. పళ్లెం స్టూలు మీద పెట్టి, చేతికర్రతో నేల మీద రెండుసార్లు కొట్టి వెనక్కి తప్పుకునేది. అప్పుడు కోడలు వచ్చి తీసుకోవాలి. పాతికేళ్లలో ఆ ఇంట్లో పోట్లాట లేని రోజులు అవే. కేకలు వేస్తే ఉమ్ము తుంపరలు ఎగురుతాయని భయం.

జ్వరం పెద్దగా రాలేదు. ఒళ్లు నొప్పులు, నీరసం. వచ్చిందల్లా ఎదురుచూపు. ఫోన్ మోగితే భయం వేసేది, మోగకపోతే ఇంకా భయం వేసేది. శనివారం రాత్రి లెక్కల మాస్టారుకి జ్వరం వచ్చిందని ఆదివారం తెలిసింది. ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు, ప్రాణవాయువు పెట్టారు. బుధవారం ఇంకో ఇద్దరు పడ్డారు. ఒకాయన పాత బస్సు డ్రైవరు. రెండో ఆవిడ ఎప్పుడూ భోజనాల హాలు కిటికీ పక్కనే కూర్చునేదట, అందరూ కిటికీ బామ్మ అంటారట.

కుట్టుపిన్ని మంచం మీద పడుకుని వేళ్లు మడిచి లెక్కపెట్టేది. ఆరోగ్యశాఖ నుంచి ఒక డాక్టరమ్మ రోజూ ఫోన్ చేసి ఎలా ఉందని అడిగేది. ఆమె గొంతు విన్నప్పుడల్లా ఆ మనిషి నిద్రపోయి ఎన్ని రోజులైందో అనిపించేది. ఒకరోజు కుట్టుపిన్ని ధైర్యం చేసి అడిగింది, నా మాస్కుల వల్లే కదా అని. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. గుడ్డ మీంచి అంటుకోవడం అరుదు. పైగా మాస్కు శుక్రవారం పెట్టుకున్న మనిషికి శనివారమే జ్వరం రాదు, ఈ జబ్బు బయటపడటానికి నాలుగైదు రోజులు పడుతుంది. మాస్టారుకి అంతకుముందే సోకింది.

"మరి బుధవారం పడ్డ ఇద్దరూ?" అంది కుట్టుపిన్ని.

"అది ఎవరమూ చెప్పలేమమ్మా" అంది డాక్టరమ్మ. "మీరు పడుకోండి."

పడుకుంటే నిద్ర ఎక్కడిది? గోడవతలి పక్కింటివాళ్లు, వాళ్ల మెట్ల మీద ఎదురింటావిడతో మాట్లాడుకునే మాటలు చెవిన పడేవి. నోటి నీళ్లతో మాస్కులు కుట్టిందట, పాపం ఆ ముసలివాళ్లు అని. అవి అబద్ధం కాదు కనక కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది. పదో రోజున మేట్రన్ ఫోన్ చేసింది. డ్రైవరుకి తగ్గుముఖం పట్టింది. మాస్టారుకి ప్రాణవాయువు తీసేశారు. కిటికీ బామ్మ పొద్దున పోయింది.

మేట్రన్ ఇంకేదైనా అంటుందని కుట్టుపిన్ని చూసింది. ఆవిడ నువ్వెలా ఉన్నావని అడిగి పెట్టేసింది. ఆ రోజు పళ్లెం స్టూలు మీద అలాగే ఉండిపోయింది. అత్తగారు కర్రతో రెండుసార్లు కొట్టింది, నాలుగుసార్లు కొట్టింది. చివరికి గుమ్మం అవతల కుర్చీ వేసుకుని, కోడలు నాలుగు ముద్దలు తినేదాకా అక్కడే కూర్చుంది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. తన పెళ్లిలో మంగలాయన వాయించిన సన్నాయి మధ్యలో ఆగిపోతే ఎంత నవ్వుకున్నారో, ఎన్నోసార్లు చెప్పిన ఆ కథే మళ్లీ మొదటినుంచీ చెప్పింది.

తలుపు మీద కాగితం తీసేసిన నాలుగో రోజు, మధ్యాహ్నం మూడింటికి వంటావిడ వచ్చింది. గుమ్మం ముందు, మెట్టు దిగువన ఆగిపోయింది. మనిషి సగమైపోయింది. ఆశ్రమంలో అందరికీ చేసిన పరీక్షలో తనకూ వచ్చిందనీ, తనూ పద్నాలుగు రోజులు గదిలో ఉండి వచ్చిందనీ చెప్పింది. లోపలికి రమ్మంటే రానంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు మొదలుపెట్టింది.

"పిన్నీ, ఆ దొరకని మాస్కు ఉందే, అది దొరికింది. బామ్మ మంచం సర్దుతుంటే దిండు కింద ఉంది. ఆవిడ దాన్ని పెట్టుకోనేలేదు. కొత్త మడత కొత్తగానే ఉంది. ఆ రోజు కండువా చుట్టుకుని కూర్చుందట. తన కిటికీ కర్టెను గుడ్డ కదా, మాసిపోతుందని దాచుకుంది."

కుట్టుపిన్ని తలుపు రెక్క పట్టుకుంది. ఇన్ని రోజులుగా గుండెల మీద ఉన్న బండ ఒక్కసారి పక్కకి దొర్లినట్టనిపించింది. మరుక్షణమే, ఒక మనిషి చావు విని ఊపిరి పీల్చుకున్నందుకు సిగ్గుతో ముఖం వేడెక్కింది.

వంటావిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. చెప్పాల్సింది అయిపోలేదని ఆమె చేతులే చెబుతున్నాయి. చున్నీ చివర మెలిపెడుతోంది, విప్పుతోంది.

"నీకు గుడ్డలు తెచ్చిన ముందు రోజే నాకు జ్వరం వచ్చింది" అంది. "మాత్ర వేసుకుంటే తగ్గింది. చెబితే పనిలోంచి తీసేస్తారని చెప్పలేదు. మంగళవారం నుంచి రుచి తెలీలేదు, వాసన తెలీలేదు. వంటమనిషికి ఉప్పు తెలీకపోతే ఇంకేం మిగిలింది పిన్నీ? బామ్మ రోజూ వంటింట్లోకి వచ్చి కూర్చునేది. ఉప్పు సరిపోయిందా చూడు బామ్మా అని గరిటె ఆవిడ నోటికందించేదాన్ని. అదే గరిటెతో నేనూ చూసేదాన్ని, ఏమైనా తెలుస్తుందేమోనని. శుక్రవారం ఇక లేవలేక పడుకున్నాను. అప్పుడూ తలనొప్పి అనే చెప్పాను. నీ ఫోన్ వచ్చాక అందరూ నీ పేరు అంటుంటే విన్నాను. విని ఊరుకున్నాను."

వీధిలో ఎవరూ లేరు. కుట్టుపిన్నికి మొదట వచ్చింది కోపమే. ఆ పది నిమిషాలు ఈ గదిలో, ఈ స్టూలు మీద, వెనక గదిలో ఊపిరాడని ముసలావిడ ఉండగా! ఒక్క మాట ముందు చెప్పి ఉంటే గుమ్మంలోనే నీళ్లిచ్చి పంపేదాన్ని కదా అనాలనుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా నిలబడ్డ మనిషి పెదవులు వణుకుతున్నాయి. గోడ గడియారం వైపు చూస్తూ సాయంత్రం దాకా ఆగుదామా అనుకున్న ఆ కాసేపు తన పెదవులూ ఇలాగే ఉండి ఉంటాయి. తనకూ ఆ ఒక్క ఉద్యోగమే దిక్కైతే, అత్తగారి మాట విని తనూ ఆగిపోయేదేమో. ఎవరు చూశారు?

వెనక గదిలోంచి అంతా వింటున్న అత్తగారు కర్రపోటు వేసుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. వంటావిడ వైపు కాసేపు చూసింది. "నిలబడే ఉన్నావేం, ఆ మెట్టు మీద కూర్చో" అని మాత్రం అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

వంటావిడ కూర్చుని ఏడ్చింది. ఏడుపు ఆగాక, మేట్రన్‌కి చెప్పనా వద్దా అని అడిగింది. చెప్పినా బామ్మ తిరిగి రాదు కదా అంది.

"రాదు" అంది కుట్టుపిన్ని. "చెప్పు. మోసుకు తిరగలేవు. నేను మోశాను కదా, నాకు తెలుసు. నేనూ వస్తాను పద."

ఇద్దరూ వీధికి చెరో పక్కన నడిచారు. ఆశ్రమం గేటు మూసి ఉంది. వాచ్‌మన్ లోపలికి కబురు పంపితే మేట్రన్ వచ్చి గేటు అవతల నిలబడింది. వంటావిడ చెప్పింది. ఈసారి ఏడవకుండా, ఏదీ దాచకుండా, గరిటె సంగతి కూడా చెప్పింది. మేట్రన్ గేటు ఇనుప కమ్మీ పట్టుకుని విన్నది.

"ఈ మాట ఆ ఆదివారమే చెప్పి ఉంటే" అని మొదలుపెట్టి, మేట్రన్ ఆగిపోయింది. "చెప్పి ఉంటే నేనేం చేసేదాన్నో నాకూ తెలుసు" అంది. "ఇంటికి పొమ్మనేదాన్ని. మళ్లీ రమ్మనేదాన్ని కాదు. ఇక్కడ పనిచేసే తొమ్మిదిమందికీ ఆ సంగతి తెలుసు."

అంతే, లోపలికి వెళ్లిపోయింది. ఉద్యోగం ఉందో పోయిందో తెలియక వంటావిడ గేటు వైపే చూస్తూ నిలబడింది. కుట్టుపిన్ని ఆమెను ఇంటికి పంపి, తనూ ఇంటికి వచ్చింది. అత్తగారు కిటికీ దగ్గర ఎదురుచూస్తోంది.

"ఎవరిదట తప్పు?" అంది.

"తేల్లేదత్తయ్యా."

"అంతదూరం నడిచి వెళ్లి తేల్చుకోకుండానే వచ్చారా?" అని కోడలి ముఖం చూసి, ఇక అడగలేదు. ఆ సాయంత్రం టీ కూడా తనే పెట్టింది.

వారం తర్వాత మేట్రన్ వంటావిడకు కబురు చేసింది. వంటింటి తలుపు పక్కన, ఆఫీసు గది బయట రెండు కాగితాలు అంటించి ఉన్నాయట. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు చెప్పాలి, చెప్పినవాళ్ల పని ఎక్కడికీ పోదు అని మేట్రన్ చేతిరాత. బామ్మ పిల్లలకు కూడా జరిగింది జరిగినట్టు మేట్రనే ఫోన్‌లో చెప్పిందట. వాళ్లు ఏమన్నారో మాత్రం ఎవరికీ చెప్పలేదట.

వీధిలో కొన్ని ఇళ్లవాళ్లు కుట్టుపిన్ని దగ్గరికి మళ్లీ రాలేదు. కొందరు వచ్చారు. గుడ్డ సంచీ గుమ్మంలో పెట్టి, కొలతల చీటీ లోపల ఉందని చెప్పి దూరం జరిగేవారు. ఆవిడ దానికి బాధపడటం మానేసింది. పని ఉంటే చేసేది, లేకపోతే అత్తగారి పక్కన కూర్చునేది.

వంటావిడ తిరిగి పనిలో చేరిన మొదటి రోజు సంగతి తర్వాత ఆవిడే వచ్చి మెట్టు మీద కూర్చుని చెప్పింది. అందరికీ విషయం తెలుసు. గంట కొట్టి పళ్లేలు పెట్టినా హాల్లోకి ఎవరూ రాలేదు. గుమ్మం దగ్గర గుంపుగా నిలబడ్డారు. పొయ్యి పక్కన నిలబడి ఆమె నేల వైపు చూస్తోంది. అప్పుడు ఆస్పత్రి నుంచి వచ్చి మూడు రోజులే అయిన లెక్కల మాస్టారు, చొక్కా భుజాల మీంచి వేలాడుతుండగా, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఆకలేస్తోందమ్మా, వడ్డించు అన్నాడు. ఆ పూట ముప్పైమందిలో పదకొండుమందే తిన్నారు. మర్నాడు పంతొమ్మిదిమంది. మిగతావాళ్లకి ఇంకొంత కాలం పట్టింది.